ఉప్పుకొట్టు మందులషాపు

కావలిలో మా షాపుకు బోర్డు మీద ఒక పేరు, జనం నోట్లో ఇంకో పేరు. బోర్డు మీద పద్మనాభ మెడికల్ హాల్ అని ఉండేది. పద్మనాభయ్య మా మామగారు. మా ఆయన కామాక్షయ్య తండ్రి పేరు నిలబెట్టాలని నెల్లూరు నుంచి పెయింటరును పిలిపించి మరీ రాయించాడు. జనం మాత్రం పదకొండేళ్ళూ ఉప్పుకొట్టు మందులషాపు అనే అన్నారు. బోర్డు చదవగలిగిన పంతుళ్ళు కూడా అలాగే అన్నారు.

వాళ్ళ తప్పు లేదు. ఆ కట్టడం ఉప్పు కోసమే కట్టింది. షాపు యజమాని రంగనాయకులు శెట్టిగారి తాత, కావలికి రైలు వచ్చిన కొత్తలో కట్టించాడట. సముద్రం ఒడ్డు నుంచి బండ్ల మీద వచ్చిన ఉప్పు, రైలెక్కేదాకా అందులో పోసి ఉంచేవాళ్ళు. మూరెడు మందం గోడలు, బండి లోపలికి వచ్చేంత వాకిలి, పైన మద్రాసు మిద్దె. కిటికీ అన్నది ఒక్కటీ లేదు. ఉప్పుకు కిటికీ ఎందుకని పెద్దాయన అనుకున్నాడేమో. తర్వాత ఉప్పు వ్యాపారం పోయింది. శెట్టిగారి తండ్రి దాన్ని మూడు గదులుగా అడ్డగోడలు పెట్టించి అద్దెకిచ్చాడు. ధాన్యం పోసినవాళ్ళకు ధాన్యం ముక్కింది. పొగాకు పెట్టినవాళ్ళకు బూజు పట్టింది. బట్టల కొట్టాయన చీరల మడతల్లో తెల్ల మరకలు చూసి ఆరు నెలల్లో దణ్ణం పెట్టి పోయాడు. ఏ వ్యాపారమూ అందులో మూడేళ్ళు నిలబడలేదు. అందుకే అద్దె తక్కువ, అందుకే మా ఆయన కంట్లో పడింది. యాభైఆరులో చేరాం.

ఉప్పు పోయింది గానీ గోడల్లో ఉప్పు పోలేదు. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా పొక్కులు లేచి రాలిపోయేది. మధ్యాహ్నం పూట వీధి మేకలు వచ్చి బయటి గోడ నాకుతూ నిలబడేవి. మందు కోసం వచ్చినవాళ్ళు వాటిని అదిలించుకుని లోపలికి రావాలి. వాన పట్టిందంటే గోడలు లోపలి నుంచి చెమర్చేవి. ఈ షాపు కథ చెప్పమంటే నేను ఆ గోడల దగ్గరే మొదలుపెడతాను. గోడలు చెమర్చకపోతే సీసాల మీద లేబుళ్ళు ఊడేవి కావు. లేబుళ్ళు ఊడకపోతే నేను తాడు కట్టేదాన్ని కాదు. అప్పుడు గురవమ్మకు నేను చెప్పాల్సిన మాట అంటూ ఒకటి ఉండేది కాదు. ఆ ఒక్క మాటను ఎనిమిదేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. తప్పు గోడ మీదికి నెట్టడం నాకు బాగా వచ్చు. గోడ ఎదురు చెప్పదు గదా.

మా పని ఎలా ఉండేదో చెబుతాను. ఇప్పటిలా మందులు రేకుల్లో వచ్చే కాలం కాదు. ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలి. మా ఆయన ముందు గదిలో త్రాసు, కొలగ్లాసు పెట్టుకుని మందు కలిపేవాడు. వెనక గదిలో నేను ఆ సీసాలు వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టేదాన్ని. కాగితం మడిచి అంచున పళ్ళు పళ్ళుగా కత్తిరించి, మైదా పిండితో సీసా పక్కన అంటించేదాన్ని. ఒక పన్ను ఒక పూట మందు. అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా ఎంత తాగాలో కంటికి కనిపించేది. అంత తెలివైన ఏర్పాటు ఆ కొట్టులో చిత్తడికి నిలిచేది కాదు. పిండి ఆరదు, కాగితం పట్టదు. ఇల్లు చేరేసరికి లేబులు సంచిలో, సీసా బోసిగా ఉండేది.

యాభైఏడు వానల్లో బుచ్చిరెడ్డిపాలెం ధాన్యం దళారి ఒకాయన తామరకు ఇచ్చిన పైపూత మందును నోట్లో పోసుకున్నాడు. మింగకుండా ఉమ్మేశాడు కాబట్టి బతికి మా మీదికి వచ్చాడు. నోరు కాలినా కేకలకు మాత్రం లోటు లేదు. ఆయన పోయాక నేను నా కుట్టుపని పెట్టెలోంచి నల్లదారం తీసి, పేటలు పేని, పైపూత మందు సీసాల మెడలకు కట్టాను. కాగితమైతే ఊడుతుంది, తాడు ఊడదు. నల్లతాడు ఉంటే తాగకూడదు, లేకపోతే తాగొచ్చు. మా ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, బుర్ర ఉందే నీకు అన్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

దానికి ఆయన ఒక కట్టుబాటు పెట్టాడు. మందు ఎవరికైనా సరే ముందు గదిలో బల్ల మీద నుంచే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు "నల్లతాడు, తాగకూడదు" అని చెప్పాలి. తీసుకునేవాళ్ళు ఆ మాట తిరిగి చెప్పాలి. చెబితేనే సీసా చేతికి. పెద్ద పెద్ద రైతులు కూడా ఎక్కాలు ఒప్పజెప్పినట్టు ఆ రెండు మాటలూ చెప్పి సీసా తీసుకునేవాళ్ళు. రెండేళ్ళలో ఊరందరికీ నల్లతాడంటే ఏమిటో తెలిసిపోయింది. ఊరికి తెలిసింది గానీ సముద్రం ఒడ్డు పాలేనికి తెలియదు. పాలెం వాళ్ళు మా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. తాయెత్తు కట్టించుకునేవాళ్ళు, తగ్గకపోతే మొక్కుకునేవాళ్ళు.

గురవమ్మది ఆ పాలెమే. శనివారం శనివారం చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మూడు క్రోసులు నడిచి మా పెరటి వాకిలికి వచ్చేది. అప్పటికి ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. వాకిట్లో తట్ట దించడానికి ఒక చెయ్యి, మళ్ళీ నెత్తికెత్తడానికి ఒక చెయ్యి నేనే వేసేదాన్ని. నిండు తట్ట ఒక్కరు ఎత్తుకోలేరు. ఆమె ఒక అంచు, నేను ఒక అంచు పట్టుకుని, "ఊఁ" అనుకుని ఒక్కసారి లేపేవాళ్ళం. నా భుజాల మీద నీచు నీళ్ళు కారేవి. పిల్లల్లేని దాన్ని, మాట్లాడే మనిషి లేనిదాన్ని. గురవమ్మ వచ్చే రోజు నాకు బాగుండేది. ఆమె కూతురు పెంచలమ్మ పలికే వచ్చీరాని మాటలన్నీ ఆమె నోట వినేదాన్ని.

యాభైతొమ్మిది కార్తీకమాసం. ఊళ్ళో సగం మంది చేపలు మానేసి ఉన్నారు. గురవమ్మ తట్ట తెచ్చినంత బరువుగానే మా వాకిట్లో దిగింది. కొనేవాళ్ళు లేరని తెలిసి నేను గట్టిగా బేరం పట్టాను. బేరం మధ్యలో ఆమె కొంగులోంచి రెండు చిన్న సీసాలు తీసింది. మూడేళ్ళ పెంచలమ్మకు జ్వరం, దగ్గు. అత్తకు మోకాళ్ళ నొప్పి, కూచుంటే లేవలేదు. తాయెత్తుకు తగ్గలేదని మొదటిసారి మా మందు అడిగింది. నేను లోపలికి పోయి మా ఆయనకు చెప్పాను. ఆయన బిడ్డకు ఎర్ర మిక్స్చరు కలిపి ఒక సీసాలో పోశాడు. రెండో సీసాలో అవ్వ మోకాళ్ళకు వింటర్‌గ్రీన్ నూనె పోశాడు. పిప్పరమెంటు బిళ్ళ వాసన కొట్టే ఆ నూనె పూసుకుంటే మంచిది, చిన్నబిడ్డ చెంచాడు తాగినా ప్రమాదం. దాని మెడకు నేనే నల్లతాడు కట్టాను. మిక్స్చరు సీసాకు లేబులు అంటించాను, అది అంటుకోనే లేదు.

ఆమెను ముందు గదికి రమ్మనాలి. నీచు తట్ట వదిలి ఎలా వస్తుందిలే అని, నేనే రెండు సీసాలూ పెరటి వాకిట్లో ఆమె చేతిలో పెట్టాను. ఒకటి బిడ్డకు, ఒకటి మీ అత్తకు అన్నాను. వెంటనే మళ్ళీ బేరంలో పడ్డాను. వంజరం ముక్క ఇంకొకటి వెయ్యమని ఎంతసేపు వాదించానో నాకు ఇప్పటికీ గుర్తుంది. నల్లతాడు సంగతి చెప్పలేదు. మరిచిపోయానని కూడా అనను. అది అందరికీ తెలిసిందే అనుకున్నాను. చేప ముక్కకు ఖర్చు పెట్టిన మాటల్లో రెండు మాటలు దీనికి పెట్టి ఉంటే సరిపోయేది.

తర్వాత మూడు శనివారాలు గురవమ్మ రాలేదు. ఇంకో చేపల మనిషి వచ్చి, గురవమ్మ బిడ్డ పోయిందమ్మా అని చెప్పింది. అయ్యో అన్నాను. జ్వరం ముదిరిందేమో అనుకున్నాను. రెండు రోజులు అన్నం సరిగా దిగలేదు.

నాలుగో శనివారం గురవమ్మ వచ్చింది. తట్ట దించడానికి చెయ్యి వేశాను. మనిషి సగమైంది. చేపలు చూపించకముందే కొంగులోంచి రెండు సీసాలు తీసి గట్టు మీద పెట్టింది.

"సీసాలు తెచ్చినానమ్మా. మీకైతే పనికొస్తాయి గదా."

ఒకదాంట్లో ఎర్ర మిక్స్చరు సగానికి పైగా ఉంది. రెండోది ఖాళీ. మూత తీశాను, పిప్పరమెంటు వాసన కొట్టింది. మెడకు తాడు లేదు. మీ అత్తకు నొప్పి ఎలా ఉందని అడిగాను. అడిగింది ఆమె అత్త కోసం కాదు. ఏ సీసా ఎవరికి వాడారో తెలుసుకోవాలని.

"మంచి మందమ్మా అది. పూసినకాడ జిగటగా ఉండి చీమలు పడుతుండాయి గానీ, నొప్పి తగ్గిందంటది మా అత్త. బిడ్డకే రాసిపెట్టి లేదు. దిష్టి తగలకుండా తాడు గూడా కట్టి పంపినావని మా అత్త ఎంత మురిసిందో. వాసన బాగుందని బిడ్డ ఏడవకుండా తాగింది. రెండు పూట్లు పోసినాం. తెల్లారేతలికి వాంతులు, ఎగశ్వాస. జొరం లోపలికి పోయింది. మిగిలిన మందు ఇంకొకరికి ఎందుకని బిడ్డ పక్కనే గుంతలో పోసినాం. తాడు మాత్రం ఇప్పి దాచుకున్నా."

అంతా మామూలుగా చెప్పింది. నేనూ మామూలుగానే విన్నాను. చేపలు తీసుకున్నాను, తట్ట ఎత్తాను. ఆమె పోయాక సీసాలు వేడినీళ్ళలో వేసి కడిగాను. ఖాళీ సీసాను ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోలేదు. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని సాయంత్రందాకా చూశాను. చేతులు మాత్రం ఏ పని దొరికితే ఆ పని చేస్తూ పోయాయి. చేపలు తోమాయి, పులుసు పెట్టాయి.

భోజనాలప్పుడు మా ఆయనకు చెప్పాను. ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఒక్క సంగతే అడిగాడు.

"నల్లతాడు, తాగకూడదు అని చెప్పే ఇచ్చినావు గదా?"

"చెప్పినా" అన్నాను.

"తిరిగి చెప్పిందా?"

"చెప్పింది."

ఆయన గుండెల మీద నుంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. చెప్పినా వినకపోతే మనమేం చేస్తాం అన్నాడు. తెలిస్తే ఆ తల్లి బతకదని, మన లైసెన్సు కూడా పోతుందని, ఈ సంగతి గడప దాటకూడదని అన్నాడు. ఆయన మంచివాడే. నా అబద్ధం మీద నిలబడ్డ మంచితనం అది. మరుసటి వారమే మద్రాసుకు రాసి, చేత్తో తడిమితే గరుకుగా తగిలే నీలం సీసాలు తెప్పించాడు. పైపూత మందులన్నీ అప్పటి నుంచి వాటిలోనే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నామని నేను మనసులో అనుకున్నాను, పైకి అనలేదు. నల్లదారం ఉండను పొయ్యిలో వేశాను.

ఆ తర్వాత నాకు ఏమైందంటే, ఏమీ కాలేదు. అదే నా జబ్బు. పండుగలు చేశాను, పేరంటాలకు పోయాను, నవ్వాల్సిన చోట నవ్వాను. కూరలో ఉప్పు తెలియడం మానేసింది. ఒకనాడు కషాయంలా, ఒకనాడు చప్పగా ఉందని మా ఆయన విసుక్కునేవాడు. ఉప్పుకొట్టులో కాపురం చేస్తూ ఉప్పు తెలియని దాన్ని నేనే కాబోలు అని నవ్వేశాను. గురవమ్మ దగ్గర చేపలు కొనడం మానలేదు, తినడమూ మానలేదు. మానితే ఎందుకో చెప్పాలి. శనివారం వస్తే ఒక అంచు ఆమె, ఒక అంచు నేను. "ఊఁ" అనుకుని లేపేవాళ్ళం. ప్రతిసారీ చెబుదామనే తట్ట పట్టుకునేదాన్ని. తట్ట ఆమె నెత్తికి చేరేది, మాట నా నోట్లోనే ఉండేది. సిగ్గు, భయం రెండూ ఉన్నాయి. ఎవరి కోసం దాస్తున్నానని నన్ను నేను అడిగితే ఆమె కోసమే అని చెప్పుకునేదాన్ని. అది సగం నిజం.

అరవైమూడులో గురవమ్మకు మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. పోయిన బిడ్డే తిరిగొచ్చిందని పెంచలమ్మ అనే పేరు పెట్టుకున్నారు. ఐదో నెలలో చంకన వేసుకుని తెచ్చింది. బిడ్డ ముంజేతికి నల్లతాడు ఉంది. అది గురవమ్మ నాకు వేలితో చూపించింది. నేను సీసాకు కట్టిన తాడే. పొట్టిదైతే కొత్త దారంతో కలిపి పేనిందట. నీ చేతి చలవ అంది. నేను బిడ్డను ఎత్తుకున్నాను. బిడ్డ నా ముక్కు పట్టుకుంది. ఆ తాడు నా చెంపకు తగిలింది. నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు.

బిడ్డ పెరిగేకొద్దీ ఆ తాడుకు కొత్త పేటలు కలుస్తూ వచ్చాయి. పాలెంలో ఇప్పుడు తాయెత్తుల కంటే మీ మందులకే గిరాకీ అని గురవమ్మ గొప్పగా చెప్పేది. నిజమే, గురవమ్మ ఎప్పటిలా పెరటి వాకిలికే వచ్చినా, పాలెం వాళ్ళు బల్ల దగ్గరికి రావడం నేర్చుకున్నారు. మా ఆయన ఒక్కొక్కరికీ నీలం సీసా తాగకూడదని చెప్పి, ఒప్పజెప్పించుకుని ఇచ్చేవాడు. ఆయన ఆ పని మరీ ఎక్కువ శ్రద్ధగా చేసేవాడు. దాని వెనక ఏముందో మా ఇద్దరికే తెలుసు. అందులో సగం నాకొక్కదానికే తెలుసు.

అరవైఏడులో రంగనాయకులు శెట్టిగారు కట్టడాన్ని లారీ బుకింగ్ ఆఫీసు వాళ్ళకు అమ్మేశాడు. వాళ్ళు అది పడగొట్టి షెడ్డు వేస్తారట. అడ్డగోడలు ముట్టుకుంటే రాలేట్టున్నాయి, పడగొట్టడానికి పెద్ద కష్టం ఉండదని మేస్త్రీ అన్నాడు. మా ఆయన ట్రంకు రోడ్డు మీద ఒక గది తీసుకున్నాడు. సిమెంటు గోడలు, రెండు కిటికీలు, పైన ఫ్యాను. మందులన్నీ ఇక డబ్బాల్లో, రేకుల్లోనే వస్తాయి, కలిపే పనీ సీసాలు కడిగే పనీ ఉండదని నాకు శుభవార్తలా చెప్పాడు. పదకొండేళ్ళు చేసిన పని అలా ఒక్క మాటతో పోయింది. నాకు సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు.

ఖాళీ చేసే రోజు శనివారమే పడింది. పొద్దున పదింటికి సామాను సగం బండెక్కింది. మా ఆయన ముందు వైపు నిచ్చెన వేసుకుని బోర్డు మేకులు పీకుతున్నాడు. నేను వెనక గదిలో మిగిలిన సీసాలు గడ్డిలో చుడుతున్నాను. పెరట్లో గురవమ్మ పిలిచింది. వెంట నాలుగేళ్ళ పెంచలమ్మ నడిచి వచ్చింది. పిల్ల దగ్గుతోంది. తట్ట దించాం. అందులో సగానికి పైగా చేపలున్నాయి. గురవమ్మ కొంగుముడి విప్పి ఒక నీలం సీసా, ఒక నల్లదారం ముక్క నా చేతిలో పెట్టింది.

"మా ఆయన బుధవారం నాడు వచ్చి మందు తెచ్చినాడమ్మా. ఎర్రదొకటి, ఇదొకటి. ఇంట్లో పెట్టేసి వలల పనికి పోయినాడు, ఏది ఎవరికో చెప్పలా. ఈ నీలం సీసా సొగసుగా ఉండాది, బిడ్డదే అనుకున్నా. మీ కొట్టు పోతుండాది గదా. దీనికి నీ చేత్తో తాడు కట్టమ్మా, ఈ పూట నుంచి పోస్తా."

గురవమ్మ భర్త ముత్యాలయ్యకు చేప ముల్లు దిగి పాదం చీము పట్టిందని మా ఆయన బుధవారం నాడే చెప్పాడు. పుండు కడుక్కోవడానికి నీలం సీసా, బిడ్డ దగ్గుకు ఎర్ర మిక్స్చరు. ఆయన చెప్పాడు, ముత్యాలయ్య ఒప్పజెప్పాడు. ఆ మాట ఇంటిదాకా పోలేదు.

ఒక చేతిలో సీసా, ఒక చేతిలో తాడు. ఇది మీ ఆయన కాలిది, బిడ్డకు ఎర్రది పొయ్యి అంటే సరిపోయేది. అంతవరకే చెప్పి తప్పుకుందామనుకున్నాను. అలాగే మొదలుపెట్టాను.

"ఇది తాగేది కాదు గురవమ్మా. మీ ఆయన పుండు కడుక్కునేది."

"అట్నా. తాడు కడితే గూడా?"

"తాడు కట్టినా తాగకూడదు. తాడు కట్టినంత మాత్రాన విషం మందైపోదు."

గురవమ్మ సీసా వైపు చూసింది. తర్వాత పిల్ల ముంజేతి వైపు చూసింది. ఆమె అమాయకురాలేమీ కాదు. అందరి ఇళ్ళల్లో బేరాలు చేసి బతికే మనిషి. ఆమె మొహంలో ఒక్కొక్కటే కూడుకుంటూ రావడం నాకు కనిపించింది.

"ఆ పొద్దు ఆ సీసాకి తాడు కట్టింది నువ్వే గదమ్మా" అంది. "ఎందుకు కట్టినావు?"

"తాగకూడదని" అన్నాను. "అది మీ అత్త మోకాళ్ళ నూనె. బిడ్డది ఎర్రది. నల్లతాడుంటే తాగకూడదని ఊరందరికీ చెప్పినాం. నీకు నేను చెప్పలా. చేపలు బేరమాడుకుంటా చెప్పలా."

ముందు వైపు మేకులు పీకే చప్పుడు ఆగిపోయింది. ఖాళీ కొట్టులో మాట ఎంత దూరం పోతుందో నాకు అప్పుడు తెలిసింది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. నేను తాగాల్సినవి తాగుతున్నాను. మా ఆయన నిచ్చెన దిగలేదు, లోపలికి రాలేదు.

గురవమ్మ పెంచలమ్మను దగ్గరికి లాక్కుని, ముంజేతి తాడు ముడి గోళ్ళతో విప్పబోయింది. నాలుగేళ్ళ పేటలు కలిసిన ముడి, రాలేదు. వంగి పళ్ళతో కొరికింది. పిల్ల నొప్పి అంది. తాడు తెగాక నా చేతిలో నుంచి నీలం సీసా తీసుకుంది. పిల్ల తాడును దాని మెడకు రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడేసింది. తాను తెచ్చిన కొత్త దారం ముక్కను కాదు, ఆ పాతదాన్నే కట్టింది.

"నల్లతాడు, తాగకూడదు" అంది.

ఒకప్పుడు బల్ల ముందు అందరూ ఒప్పజెప్పిన మాట. ఎనిమిదేళ్ళ కింద నేను చెప్పించుకోవాల్సిన మాట. ఆమె నా మొహంలోకి చూసి, సరిగ్గా చెప్పానా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత సీసా కొంగున కట్టుకుంది.

తట్ట ఎత్తడానికి నేను అలవాటు ప్రకారం ముందుకు వంగాను. గురవమ్మ తన వైపు అంచు పట్టుకుని తట్టను బోర్లించింది. మా పెరటి వాకిట్లో చేపలన్నీ గుట్టగా పడ్డాయి. అవి ఆమె ఆ రోజు కూడు. ఖాళీ తట్ట తేలిక, దానికి ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు. ఒక్కతే ఎత్తి చంకన పెట్టుకుని, రెండో చేత్తో పిల్లను పట్టుకుని పోయింది. నా రెండు చేతులూ తట్ట అంచు ఉండాల్సిన చోట అలాగే ఉన్నాయి.